మొదటి గోల్ నిలవని మైదానం

2025 జూలైలో స్విట్జర్లాండ్ ఆతిథ్యమిచ్చిన మహిళల యూరో ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ ముగిసి చాలా కాలమైనా, మా ఇంట్లో దాని గురించిన మాట ఇంకా ఆగలేదు. పదహారు జట్లు, ఎనిమిది నగరాలు, ముప్పై ఒక్క మ్యాచ్‌లు జరిగిన ఆ టోర్నీలో ఐదు మ్యాచ్‌లు మేముంటున్న బాసెల్‌కు దక్కాయి. ప్రారంభం రోజున స్విట్జర్లాండ్ ఆడిన మ్యాచ్, చిట్టచివరి ఫైనల్, మధ్యలో రెండు గ్రూప్ మ్యాచ్‌లు, ఒక క్వార్టర్ ఫైనల్. పాల్గొన్న జట్లలో సరిగ్గా సగం, అంటే ఎనిమిది దేశాల జట్లు, ఈ ఒక్క నగరంలో ఆడి వెళ్ళాయి. ఆ ఐదింటిలో రెండింటిని స్టేడియంలో కూర్చుని చూశాను, మిగిలిన మూడింటిని మా అమ్మాయితో కలిసి తెర మీద చూశాను. చూస్తున్నన్నాళ్ళూ గమనించని విషయం ఒకటి ఫైనల్ ముగిసిన రాత్రి తట్టింది. ఈ ఐదు మ్యాచ్‌లలో ఏ ఒక్కదానిలోనూ మొదటి గోల్ కొట్టిన జట్టు తన ఆధిక్యాన్ని చివరిదాకా నిలుపుకోలేదు. నాలుగు జట్లు ఓడిపోయాయి. గెలిచిన ఆ ఒక్క జట్టు కూడా మధ్యలో వెనుకబడి, మళ్ళీ లేచి గెలిచింది.

బాసెల్ నగరం రైన్ నది వంపు తిరిగే చోట, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులు కలిసే చోట ఉంది. ట్రామ్ ఎక్కితే జర్మనీలోకీ వెళ్ళవచ్చు, ఫ్రాన్సులోకీ వెళ్ళవచ్చు. ఇక్కడి సాంక్ట్ యాకోబ్ పార్క్ స్టేడియాన్ని ఊళ్ళో ఎవరూ అంత పొడుగు పేరుతో పిలవరు. అందరి నోటా అది యోగెలి. 1954 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ సెమీఫైనల్లో ఆస్ట్రియాను 6–1తో ఓడించిన పాత స్టేడియం ఉన్న స్థలంలోనే, ఈ ఊరి వాస్తుశిల్పులే అయిన హెర్జోగ్, డి మ్యూరాన్ ద్వయం గీసిన నమూనాతో కొత్తది కట్టారు. అది 2001లో తెరుచుకుంది. దానికి ఆనుకుని దుకాణ సముదాయమూ, వృద్ధుల నివాసమూ ఉన్నాయి. మ్యాచ్ టికెట్ చేతిలో ఉన్నవారికి ఆ రోజు దేశమంతటా ప్రజా రవాణాలో ప్రయాణం ఉచితం చేశారు కనుక, 14వ నంబరు ట్రామ్‌లో సందు లేకుండా నిలబడినవారిలో ఎవరు ఈ ఊరివారో, ఎవరు జ్యూరిక్ నుంచో జెనీవా నుంచో వచ్చినవారో పోల్చుకోవడం కష్టంగా ఉండేది.

జూలై 2న స్విట్జర్లాండ్, నార్వే తలపడ్డాయి. ఎండలు విపరీతంగా మండిపోతున్న వారం అది. రాత్రి తొమ్మిదింటికి ఆట మొదలైనా కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. 34,063 మంది వచ్చారు. 28వ నిమిషంలో నాడీన్ రీజెన్ గోల్ కొట్టినప్పుడు పుట్టిన హోరును మాటల్లో చెప్పలేను. పక్క వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ, అప్పటిదాకా ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడనామె, నా భుజం పట్టుకుని ఊపేసింది. స్విస్ జట్టు మొదటి అర్ధభాగమంతా నార్వేను కదలనివ్వకుండా ఆడింది. విరామం తర్వాత నాలుగే నిమిషాల వ్యవధిలో అంతా తలకిందులైంది. 54వ నిమిషంలో కార్నర్ కిక్‌ను అడా హెగెర్‌బెర్గ్ తలతో లోపలికి పంపింది. 58వ నిమిషంలో కరోలీన్ గ్రాహమ్ హాన్సెన్ వేసిన క్రాస్‌ను అడ్డుకోబోయి యూలియా స్టియర్లి తన గోల్‌లోకే మళ్ళించింది. తర్వాత హెగెర్‌బెర్గ్ ఒక పెనాల్టీని బయటకు కొట్టినా, ఆ అవకాశం స్విట్జర్లాండ్‌కు కలిసి రాలేదు. 2008 పురుషుల యూరోలోనూ ఇదే మైదానంలో, ఇలాగే ప్రారంభ మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చెక్ రిపబ్లిక్ చేతిలో 0–1తో ఓడింది. ఆ సంగతి గుర్తున్నవారు మెట్లు దిగుతూ దాన్నే తలుచుకున్నారు. అయినా ఓడిన జట్టు మైదానం చుట్టూ తిరుగుతూ చేతులు ఊపుతున్నప్పుడు స్టాండ్లలో చాలామంది కదలలేదు. "అమ్మా, ఓడిపోయినా ఎందుకు చప్పట్లు కొడుతున్నారు?" అని మా అమ్మాయి అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

దానికి జవాబు ఈ దేశ చరిత్రలో కొంత ఉందని నాకు తర్వాత అనిపించింది. స్విట్జర్లాండ్‌లో స్త్రీలకు జాతీయ స్థాయిలో ఓటు హక్కు వచ్చింది 1971లో. అపెన్జెల్ ఇన్నర్‌రోడెన్ అనే ఒక ప్రాంతంలో స్థానిక ఓటు హక్కు రావడానికి 1990 దాకా, అదీ సర్వోన్నత న్యాయస్థానం జోక్యం చేసుకునేదాకా, పట్టింది. జర్మన్ మాట్లాడే ప్రాంతాలన్నిటిలోకీ మొదట, 1966లో, స్త్రీలకు ఓటు ఇచ్చింది బాసెల్ నగర ప్రాంతమే. అంతకు ముందు ఏడాది, 1965లో, సియోన్ పట్టణంలో పన్నెండేళ్ళ మాడ్‌లెన్ బోల్ అనే అమ్మాయికి ఫుట్‌బాల్ ఆడే లైసెన్సు పొరపాటున దొరికితే, ఆడపిల్ల అని తెలియగానే దాన్ని వెనక్కి తీసుకున్నారు. స్విస్ మహిళల జట్టు మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌ను 1972లో ఫ్రాన్స్‌తో, ఇదే బాసెల్‌లో ఆడి 2–2తో డ్రా చేసుకుంది. ఆ మ్యాచ్‌కూ 2025కూ మధ్య యాభై మూడేళ్ళు. నా భుజం పట్టుకుని ఊపిన పెద్దావిడ 1971లో పెళ్ళీడు పిల్ల అయి ఉండాలి. ఆ వయసువారు ఆ రాత్రి స్టాండ్లలో చాలామంది కనిపించారు. తమ జట్టు కోసం ముప్పై నాలుగు వేలమంది టికెట్ కొనుక్కుని వచ్చిన రోజును చూడగలిగినవారికి స్కోరుబోర్డు ఒక్కటే లెక్క కాదేమో. స్విట్జర్లాండ్ తర్వాత బెర్న్‌లో ఐస్‌లాండ్‌ను ఓడించింది. జెనీవాలో ఫిన్లాండ్ మీద ఓటమి అంచున ఉండగా అదనంగా ఇచ్చిన నిమిషాల్లో రియోలా జెమైలి కొట్టిన గోల్‌తో సమం చేసి, తన చరిత్రలో మొదటిసారి యూరో క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ స్పెయిన్ చేతిలో 0–2తో ఓడింది. ఆ మ్యాచ్ అయ్యాక స్పెయిన్ క్రీడాకారిణులు రెండు వరుసలుగా నిలబడి స్విస్ జట్టుకు చప్పట్లతో దారి ఇచ్చారు.

జూలై 8 సాయంత్రం ఆరు గంటలకు జర్మనీ, డెన్మార్క్ మ్యాచ్. సరిహద్దు పక్కనే కావడంతో ఊరంతా జర్మన్ చొక్కాలతో నిండిపోయింది. టోర్నీ జర్మనీకి అంత శుభంగా మొదలుకాలేదు. సాంక్ట్ గాలెన్‌లో పోలండ్ మీద గెలిచినా, కెప్టెన్ జూలియా గ్విన్ మోకాలి గాయంతో టోర్నీకే దూరమైంది. బాసెల్‌లో క్లారా బ్యూల్ కొట్టిన గోల్ ఆఫ్‌సైడ్‌గా చెల్లకుండా పోయింది. 26వ నిమిషంలో అమలీ వాంగ్స్‌గార్డ్ డెన్మార్క్‌ను ముందుకు తీసుకుపోయింది. రెండో అర్ధభాగంలో స్యోకె న్యూస్కెన్ పెనాల్టీతో సమం చేసింది, పది నిమిషాలకు లేయా షూలర్ గెలుపు గోల్ కొట్టింది. 2–1. ఈ మ్యాచ్ గురించి నేను ఎక్కువ చెప్పలేను. ఆటలో జర్మనీదే పైచేయి, కాస్త ఆలస్యంగానైనా గెలవవలసిన జట్టే గెలిచింది. డెన్మార్క్ తన మూడు గ్రూప్ మ్యాచ్‌లూ ఓడి ఇంటికి వెళ్ళింది.

జూలై 13న నెదర్లాండ్స్, ఫ్రాన్స్ ఆడిన మ్యాచ్ మాత్రం నాకు జీవితంలో మరపురానిది. అది నేను స్టేడియంలో చూసిన రెండో మ్యాచ్. 2017లో విజేత అయిన నెదర్లాండ్స్ అంతకుముందే ఇంగ్లండ్ చేతిలో 0–4తో ఓడి ఉంది. ముందుకు పోవాలంటే, వేల్స్ మీద ఇంగ్లండ్ గెలుస్తుందనే లెక్కన, ఫ్రాన్స్‌ను మూడు గోల్స్ తేడాతో ఓడించాలి. అలాంటి స్థితిలో ఉన్న జట్టు ఎలా ఆడుతుందో చూడాలనే నాకు ఆసక్తి. 22వ నిమిషంలో సాండీ తొలెటీ కొట్టిన గోల్‌తో ఆ మూడు కాస్తా నాలుగైంది. అయినా డచ్ అమ్మాయిలు ఆగలేదు. నాలుగు నిమిషాలకే విక్టోరియా పెలోవా సమం చేసింది, విరామానికి కొంచెం ముందు సెల్మా బాషా కాలికి తగిలి బంతి ఫ్రాన్స్ గోల్‌లోకే పోయింది. విరామానికి 2–1తో నెదర్లాండ్స్ ముందుంది. మా ముందు వరుసల్లో నారింజ రంగు చొక్కాలు వేసుకున్న కుటుంబం ఒకటి ఆ పదిహేను నిమిషాలూ కాగితం మీద గోల్స్ తేడా లెక్కలు వేస్తూ కూర్చుంది.

తర్వాత జరిగింది ఆరు నిమిషాల తుపాను. 61వ నిమిషంలో మరీ అంత్వానెత్ కతొతో, 64లో, 67లో డెల్ఫీన్ కాస్కరీనో. కాస్కరీనో కుడి పక్కన బంతి అందుకున్నప్పుడల్లా తనను కాపలా కాస్తున్న డిఫెండర్ భయపడుతున్నట్టు పై అంతస్తు నుంచి కూడా కనిపించింది. ఆమె వేగం టీవీలో సగమే తెలుస్తుంది. ఆమె పరుగు మొదలుపెట్టే ముందు క్షణకాలం ఆగుతుంది, ఆ ఆగడంలోనే ఎదుటి మనిషి కాళ్ళు చిక్కుపడతాయి. ఇది స్టేడియంలో కూర్చున్నవారికి మాత్రమే దక్కే చూపు. కెమెరా బంతి వెంట పోతుంది, మన కళ్ళు మాత్రం బంతి రాకముందే మనిషిని చూస్తుంటాయి. చివర్లో సకినా కర్షావీ పెనాల్టీతో 5–2 అయింది. అదే సమయంలో సాంక్ట్ గాలెన్‌లో ఇంగ్లండ్ వేల్స్‌ను 6–1తో ఓడిస్తోంది. నారింజ చొక్కాల కుటుంబం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. ఈ మ్యాచ్‌తో డచ్ కోచ్ ఆండ్రీస్ యోంకర్ పదవీకాలమూ ముగిసింది. మొదటి గోల్ కొట్టి చివరికి గెలిచిన జట్టు బాసెల్ చూసింది ఇది ఒక్కటే.

ఆ గెలిచిన ఫ్రాన్సే ఆరు రోజులకు, జూలై 19న, క్వార్టర్ ఫైనల్ కోసం మళ్ళీ ఇదే గడ్డ మీదికి వచ్చింది, ఎదురుగా జర్మనీ. ఈ ఊరికి రెండు పక్కలా ఉన్న రెండు దేశాలు, ఈ ఊరి నడుమ. ఆ రాత్రి నగరంలో పెద్ద తెర ముందు నిలబడి చూశాం. 13వ నిమిషంలో కత్రిన్ హెండ్రిక్ ఫ్రాన్స్ కెప్టెన్ గ్రీజ్ ఎంబోక్ జుట్టు పట్టి లాగినట్టు వీడియో రిఫరీ చూపించారు. ఎర్ర కార్డు, దాంతోపాటు పెనాల్టీ. గ్రేస్ గెయోరో దాన్ని గోల్ చేసింది. పదిమందితో, ఒక గోల్ వెనుకబడి, ఇంకా నూట అయిదు నిమిషాలు ఆడాలని అప్పటికి ఎవరికీ తెలియదు. తెర ముందున్న జర్మన్ అభిమానుల ముఖాల్లో ఆశ కనిపించలేదు. కానీ 25వ నిమిషంలో బ్యూల్ కొట్టిన కార్నర్‌ను న్యూస్కెన్ తలతో గోల్ చేసింది. రెండో అర్ధభాగంలో అదే న్యూస్కెన్‌కు పెనాల్టీ దొరికితే ఫ్రెంచ్ గోల్‌కీపర్ పొలీన్ పేరో మాన్యాన్ ఆపేసింది. ఇక అక్కడి నుంచి ఆట అంతా జర్మనీ గోల్ ముందే జరిగింది.

జర్మనీ గోల్‌కీపర్ ఆన్ కత్రిన్ బెర్గర్ గురించి ఆగి చెప్పాలి. ఆమెకు థైరాయిడ్ క్యాన్సర్ ఒకసారి 2017లో వచ్చి తగ్గింది, 2022లో తిరగబెట్టింది. రెండుసార్లూ చికిత్స చేయించుకుని మైదానానికి వచ్చింది. ఆ టోర్నీ నాటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. అదనపు సమయంలో, 103వ నిమిషంలో, ఎదుటి జట్టు వేసిన బంతిని తప్పించబోయి సొంత డిఫెండర్ యానీనా మింగె వెనక్కి కొట్టిన బంతి ఆమె తల మీదుగా, ఖాళీగా ఉన్న గోల్ మూలకు ఎగిరింది. బెర్గర్ వెనక్కి పరుగెత్తుతూ, వెనక్కే దూకి, గాలిలో ఒంటి చేత్తో ఆ బంతిని గోల్ గీత మీద నుంచి లాగేసింది. తెర ముందు ఒక క్షణం పాటు ఎవరికీ గొంతు పెగలలేదు. గోల్ అయిందో కాలేదో తెలియక అందరూ రిఫరీ వైపు చూశారు. స్కోరు 1–1గానే ఉండిపోవడంతో, పెనాల్టీలతో విజేతను తేల్చే షూటౌట్ వచ్చింది. అందులో బెర్గర్ ఆమెల్ మజ్రీ కొట్టిన మొదటి పెనాల్టీని ఆపింది, మధ్యలో తానే వెళ్ళి ఒక పెనాల్టీ కొట్టి గోల్ చేసింది, చివర అలీస్ సొంబాత్ బంతిని ఆపి 6–5తో ముగించింది. పదిమందితో గంటన్నరకు పైగా నిలబడి గెలిచిన ఆ జట్టును ఓడించడానికి నాలుగు రోజుల తర్వాత జ్యూరిక్‌లో స్పెయిన్‌తో సెమీఫైనల్లో ఐతానా బొన్మతీ కొట్టిన ఒక్క గోల్ చాలింది. ఆ అలసట ఎక్కడికి పోతుంది? ఫ్రాన్స్ ఇప్పటిదాకా ఒక్కసారీ మహిళల యూరో ఫైనల్ చేరలేదు. ఇంత ప్రతిభ ఉన్న జట్టుకు ఇది ఎందుకు సాధ్యం కావడం లేదో నాకు నిజంగా బాధ కలిగించే ప్రశ్న.

జూలై 27న ఫైనల్. ఇంగ్లండ్, స్పెయిన్. 2023 ప్రపంచ కప్ ఫైనల్లో తలపడిన జట్లే ఇవి, అప్పుడు స్పెయిన్ గెలిచింది. టికెట్ల కోసం ఎంత ప్రయత్నించినా దొరకలేదు. 34,203 మంది లోపలికి వెళ్ళారు, మేము మళ్ళీ తెర ముందే. స్పెయిన్ ఆట చూడటానికి అందంగా ఉంటుంది. ముగ్గురు నలుగురు చిన్న త్రికోణాలుగా నిలబడి, ఎదుటివారికి దొరకనట్టుగా బంతిని చేతులు మార్చినంత సులువుగా కాళ్ళ మధ్య తిప్పుతారు. 25వ నిమిషంలో ఓనా బాట్లే వేసిన క్రాస్‌ను మరియోనా కల్దెంతే తలతో గోల్ చేసినప్పుడు, టోర్నీ అంతటా మెరుగ్గా ఆడిన జట్టు ఇక వెనక్కి చూడదనిపించింది. నాకు అప్పటికింకా ఆ వరస తట్టలేదు కనుక, ఇక అయిపోయిందనే అనుకున్నాను.

ఇంగ్లండ్‌కు మాత్రం వెనకబడటం ఆ టోర్నీలో అలవాటైపోయింది. క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ మీద 0–2తో వెనకబడి షూటౌట్‌లో గెలిచింది. సెమీఫైనల్లో ఇటలీ మీద ఇంజురీ టైంలో పంతొమ్మిదేళ్ళ మిషెల్ ఆజ్యెమాంగ్ సమం చేస్తే, అదనపు సమయం చివర్లో క్లోయీ కెల్లీ గెలిపించింది. కోచ్ సరీనా వీగ్మన్ బెంచీ మీద కూర్చున్నవారిని ఎప్పుడు లోపలికి పంపాలో లెక్క కట్టే తీరు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఈసారి గాయంతో లారెన్ జేమ్స్ విరామానికి ముందే బయటికి రావలసి వచ్చి, కెల్లీ ముందుగానే దిగింది. 57వ నిమిషంలో ఆమె ఎడమ నుంచి వేసిన క్రాస్‌ను అలెసియా రూసో తలతో గోల్ చేసింది. లూసీ బ్రాంజ్ ఆ టోర్నీ మొత్తాన్నీ విరిగిన కాలి ఎముకతోనే ఆడిందని ఫైనల్ తర్వాత తెలిసింది. అలా ఆడనివ్వడం సరైనదేనా అన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది, ఆమె పట్టుదల మీద ఎంత గౌరవమున్నా.

అదనపు సమయం తర్వాతా 1–1గానే ఉండటంతో ఆట షూటౌట్‌కు వెళ్ళింది. అందులో మొదటి పెనాల్టీకే ఒక విచిత్రం జరిగింది. ఇంగ్లండ్ తరఫున కొట్టిన బెత్ మీడ్ కాలు జారి, తన్నిన బంతి ఆమె రెండో కాలికీ తగిలి లోపలికి వెళ్ళింది. అదే ఏడాది మార్చిలో పురుషుల చాంపియన్స్ లీగ్‌లో హూలియన్ ఆల్వరెజ్‌కు ఇలాగే జరిగినప్పుడు గోల్ కొట్టివేశారు, మరో అవకాశం ఇవ్వలేదు. దాని మీద వచ్చిన వివాదంతో నియమాల మండలి టోర్నీకి కొద్ది వారాల ముందు స్పష్టత ఇచ్చింది. పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ అయితే ఆ పెనాల్టీని మళ్ళీ కొట్టించాలి. మీడ్ మళ్ళీ కొట్టింది, స్పెయిన్ గోల్‌కీపర్ కాటా కోల్ ఆపింది. పాత్రీ గిహార్రో స్పెయిన్‌కు మొదటి గోల్ అందించింది. అంటే షూటౌట్‌లోనూ ముందడుగు స్పెయిన్‌దే.

ఆ తర్వాత స్పెయిన్ ఒక్కటీ గోల్ చేయలేదు. కల్దెంతే బంతినీ, బొన్మతీ బంతినీ ఆపింది ఇంగ్లండ్ గోల్‌కీపర్ హానా హాంప్టన్. పుట్టుకతో వచ్చిన మెల్లకన్నుకు చిన్నప్పుడే పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగి, దూరాన్ని అంచనా వేయడం కష్టమవుతుంది కనుక గోల్‌కీపర్‌గా పనికిరావని డాక్టర్లు చెప్పిన అమ్మాయి ఆమె. సల్మా పారలుయేలో బయటకు కొట్టింది. చివరికి కెల్లీ, ఒక కాలు పైకెత్తి చిన్న గంతు వేసే తన అలవాటు ప్రకారం వచ్చి, బంతిని వల పైభాగంలోకి కొట్టేసింది. 3–1. వీగ్మన్‌కు వరుసగా మూడో యూరో టైటిల్: 2017లో నెదర్లాండ్స్‌తో, 2022లోనూ 2025లోనూ ఇంగ్లండ్‌తో. టోర్నీ మొత్తానికి వచ్చిన ప్రేక్షకులు 657,291 మంది. మహిళల యూరో చరిత్రలో అదే అత్యధికం.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక మా అమ్మాయి తన నోట్‌బుక్ తీసింది. బాసెల్‌లో జరిగిన ప్రతి మ్యాచ్‌లో మొదటి గోల్ కొట్టినవారి పేరును మొదటి రోజు నుంచే అది రాసుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది: రీజెన్, వాంగ్స్‌గార్డ్, తొలెటీ, గెయోరో, కల్దెంతే. గెలిచినవారికి టిక్కు పెడదామని పెన్సిల్ పట్టుకుని, ఒక్క తొలెటీ పేరు దగ్గరే పెట్టి, "మిగతా వాళ్ళంతా ఓడిపోయారమ్మా" అంది. ఇంకాసేపు ఆ పేజీ వంక చూసి, తొలెటీ జట్టు కూడా తర్వాతి శనివారం అక్కడే ఓడిందని గుర్తొచ్చి, ఆ టిక్కు పక్కన చిన్న అక్షరాలతో "జూలై 13 వరకే" అని రాసింది.